ఫ్రీడంబాక్స్

'''ఫ్రీడంబాక్స్''' అనునది సాధారణ కంప్యూటరును ఇంటి సర్వరుగా మార్చే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు. ఇది డెబియన్ అనే లినక్సు నిర్వహణ వ్యవస్థపై పనిచేస్తుంది. ఫోటోలు, దస్త్రాలు, చిరునామాలు మొదలగువాటిని బయటి సంస్థల సర్వర్లలో కాక సొంత ఇంటిలోనే భద్రపరచుకొనే వీలు కల్పించటం దీని ముఖ్యోద్దేశము.

== చరిత్ర ==
కొలంబియా విశ్వవిద్యాలయ న్యాయశాస్త్ర ఆచార్యుడు ఎబెన్ మోగ్లెన్ 2010 ఫిబ్రవరిలో న్యూయార్కులో చేసిన ఉపన్యాసం దీనికి మూలం. 2011లో ఫ్రీడంబాక్స్ ఫౌండేషన్ ఏర్పడింది. దీని ప్రధాన అభివృద్ధికారులుగా పనిచేసినవారిలో సునీల్ మోహన్ అడపా, జోసెఫ్ నూతలపాటి ఉన్నారు. దీని తెరపాఠ్యం తెలుగులోకి కూడా అనువదించబడింది. 2019లో బల్గేరియాకు చెందిన ఓలిమెక్స్ సంస్థ ఫ్రీడంబాక్స్ సర్వర్ల విక్రయం ప్రారంభించింది.

== ఉన్న కంప్యూటరుపై స్థాపన ==
ఇప్పటికే డెబియన్ ఉన్న కంప్యూటరుపై దీనిని స్థాపించవచ్చును.
# ముందుగా ముఖ్యమైన దస్త్రాలకు వేరొక డిస్కులో నకలు తీసుకోవాలి.
# డెబియన్‌ను తాజాపరచి, ఆప్ట్ ద్వారా ఫ్రీడంబాక్స్ ప్యాకేజీని స్థాపించాలి.
# స్థాపన సమయంలో తెరపై కనిపించే రహస్య పదాన్ని రాసుకోవాలి.
# బ్రౌజరులో ఆ కంప్యూటరు చిరునామాను తెరచి, రహస్య పదమిచ్చి, నిర్వాహక ఖాతాను సృష్టించుకోవాలి.
# ఆ పిమ్మట దస్త్రాలు పంచుకొనుటకు సాంబా, క్యాలెండరుకు రాడికేల్, విజ్ఞాన సర్వస్వాలను అంతర్జాలం లేకుండా చదువుటకు కివిక్స్ వంటి అనువర్తనాలను ఎంచుకోవచ్చును.

== జాగ్రత్తలు ==
ఈ ప్యాకేజీ మామూలు అనువర్తనం వంటిది కాదు. కంప్యూటరు నిర్వహణనే తన అధీనంలోనికి తీసుకుంటుంది. ఫైర్‌వాల్‌ను అమరుస్తుంది, భద్రతా ధ్రువపత్రాలను మరల సృష్టిస్తుంది, అపాచీ వెబ్ సర్వరును నడుపుతుంది. అంతకుముందే మరొక వెబ్ సర్వరు నడుస్తుంటే రెండింటికీ ఘర్షణ కలుగును. నిర్వాహక వర్గంలో లేని పాత వాడుకరులు ఆ కంప్యూటరులో నేరుగా లాగిన్ కాలేకపోవచ్చు. కనుక కుటుంబ సభ్యులు నిత్యం వాడే కంప్యూటరుపై కాక, కొత్తగా డెబియన్ వేసిన వేరొక పాత కంప్యూటరుపై స్థాపించుట మేలు.

పలు అంతర్జాల సంస్థలు అనేకమంది చందాదారులకు ఒకే బహిరంగ ఐపీ చిరునామాను పంచుతాయి. అట్టి చోట్ల ఇంటి సర్వరును బయటినుండి నేరుగా చేరుట సాధ్యపడదు. టోర్ ఉల్లి సేవ దీనికి ఒక ప్రత్యామ్నాయం.

== తుఫాను ప్రాంతాలలో ==
2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుఫాను వలన ఉద్దానం ప్రాంతంలో విద్యుత్, సమాచార వ్యవస్థలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. అంతర్జాలం తెగినా, విద్యుత్తు ఉన్నంతసేపు ఇంటిలోని వైఫై ద్వారా సర్వరులోని దస్త్రాలు అందుతాయి. అయితే డిస్కు తడిసి పాడైతే ఉన్న ఒక్క ప్రతీ పోవును. బయటి సంస్థ సర్వరును వదలినప్పుడు ఆ సంస్థ మోసే బాధ్యత కూడా యజమానిపైనే పడుతుంది. అందుచేత నౌపడ, టెక్కలి వంటి చోట్ల సర్వరు పెట్టుకొన్నవారు బోర్గ్ పద్ధతిలో గుప్తీకరించిన నకలును విశాఖపట్నం వంటి దూరపు ఊరిలోని బంధువుల కంప్యూటరులో ఉంచుకొనుట శ్రేయస్కరం. నకలు తెరచుకొనే సంకేతపదాన్ని కాగితంపై రాసి వేరొక చోట దాచుకోవాలి.