పడవను వదలని చేతులు: ‘ఆర్డినరీ పీపుల్’లో కొడుకు నేరభావన, తల్లి మౌనం

అన్నదమ్ములిద్దరూ మిషిగన్ సరస్సులో తెరచాప పడవ మీద వెళ్ళారు. గాలివాన లేచి పడవ బోల్తాపడింది. ఇద్దరూ దాన్ని పట్టుకుని వేలాడారు. అన్న బక్ చెయ్యి జారిపోయింది. తమ్ముడు కాన్రాడ్ జారెట్ మాత్రం పట్టు వదల్లేదు. చాలాకాలం తర్వాత ఒక రాత్రి మానసిక వైద్యుడు బర్జర్ ఆ కుర్రవాణ్ణి సూటిగా అడుగుతాడు, నువ్వు చేసిన తప్పేమిటని. ఎంత వెతికినా వాడికి దొరికేది ఒక్కటే: పడవను పట్టుకుని ఉండిపోవడం. బతకడమే వాడు చేసిన నేరం.

జూడిత్ గెస్ట్ 1976లో రాసిన ‘ఆర్డినరీ పీపుల్’ నవల మీద, దాన్ని రాబర్ట్ రెడ్‌ఫోర్డ్ 1980లో తీసిన సినిమా మీద వచ్చే చర్చ సాధారణంగా ఈ జవాబు దగ్గరే ఆగిపోతుంది. కొడుకు గాయపడ్డాడు, వైద్యుడు బాగుచేశాడు, మనసు లేని తల్లి ఇల్లు విడిచి వెళ్ళింది. ఇలా చదవడంలో ఒక అన్యాయం ఉందని నా వాదన. దుఃఖం కొడుకులో కనబడితే దాన్ని జబ్బు అంటున్నాం, వైద్యం చేయిస్తున్నాం. అదే దుఃఖం తల్లిలో మరో రూపంలో కనబడితే స్వభావం అంటున్నాం, తీర్పు చెబుతున్నాం.

వైద్యచరిత్రను కాస్త తిరగేస్తే ఈ తేడా ఎంత నిరాధారమో తెలుస్తుంది. 1942 నవంబరు 28 రాత్రి బోస్టన్‌లోని కోకోనట్ గ్రోవ్ అనే నైట్‌క్లబ్ తగలబడి 492 మంది చనిపోయారు. ఆ ప్రమాదంలో ఆప్తుల్ని పోగొట్టుకున్నవాళ్ళనూ, ఇతర రకాలుగా అయినవాళ్ళు పోయిన మరికొందరినీ కలిపి మొత్తం 101 మందిని ఎరిక్ లిండెమాన్ అనే వైద్యుడు పరిశీలించి, 1944లో ఒక వ్యాసం ప్రచురించాడు. శోకం గురించిన ఆధునిక పరిశోధనకు అది పునాదిరాయి. శోకంలో ఉన్నవాళ్ళలో కనబడే లక్షణాల్లో నేరభావనను ఆయన స్పష్టంగా చేర్చాడు. పోయినవాళ్ళ విషయంలో తాము ఎక్కడ తప్పిపోయామా అని మనిషి వెతుక్కుంటూనే ఉంటాడు, చిన్న ఏమరుపాటును కూడా కొండంత చేసుకుంటాడు. కాన్రాడ్ అచ్చంగా ఇదే చేస్తాడు.

తర్వాత 1960లలో నాజీ నిర్బంధ శిబిరాల నుంచి బయటపడ్డవాళ్ళను పరీక్షించిన విలియం నీడర్‌లాండ్, బతికి మిగిలినవాళ్ళను వెంటాడే ఈ స్థితిని ఒక రోగలక్షణాల సముదాయంగా గుర్తించి పేరుపెట్టాడు. హిరోషిమా బాధితులతో మాట్లాడి, వాళ్ళలోనూ ఇదే నేరభావనను చూసి, రాబర్ట్ జే లిఫ్టన్ 1960ల చివర్లో ఒక పుస్తకం వెలువరించాడు. 1980లో అమెరికన్ మానసిక వైద్యుల సంఘం తన నిర్ధారణ గ్రంథం మూడో కూర్పులో ఆఘాతానంతర రుగ్మతకు తొలిసారి చోటిచ్చినప్పుడు, ఇతరులు పోగా తాను మిగిలానన్న నేరభావన ఆ లక్షణాల జాబితాలోకి ఎక్కింది. సినిమా విడుదలైన ఏడాదీ అదే. ఒక పదిహేడేళ్ళ కుర్రవాడి మూగబాధకు వైద్యశాస్త్రమూ వెండితెరా ఒకేసారి మాటలు వెతికి ఇచ్చాయి. ఇలాంటి కలయిక అరుదు.

అయితే శిబిరాల్లో, యుద్ధాల్లో పుట్టిన ఈ భావన ఒంటరి మనిషిని చూస్తుంది. ఇంటిని చూడదు. గెస్ట్ చూసింది ఇంటిని. షికాగోకు ఉత్తరాన, సరస్సు ఒడ్డున సంపన్నులుండే లేక్ ఫారెస్ట్‌లో జారెట్ల ఇల్లు. తండ్రి కాల్విన్ పన్నుల న్యాయవాది. తల్లి బెత్ ఇంటిని అద్దంలా ఉంచే ఇల్లాలు. బక్ ఇంటికి వెలుగు, తల్లికి ప్రాణం. కాన్రాడ్ ఆత్మహత్యకు ప్రయత్నించి, కొన్ని నెలలు ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చాక కథ మొదలవుతుంది. అంటే పడవ ప్రమాదం ఎప్పుడో అయిపోయింది. మిగిలినవాళ్ళు ఒకే కప్పు కింద ఎలా కూర్చోవాలన్నదే అసలు కథ.

సినిమా మొదట్లో ఉదయం ఫలహారం దగ్గర ఒక చిన్న ఘట్టం ఉంది. తల్లి వండి పెడుతుంది. కొడుకు ఆకలి లేదంటాడు. ఆమె వెంటనే పళ్ళెం తీసుకెళ్ళి సింకులోకి వంపేస్తుంది. నిమిషం కూడా పట్టదు. తెలుగువాళ్ళకు ఈ దృశ్యం ఒక మాటను గుర్తుచేయాలి. గండం గడిచినవాడితో మనం ‘భూమ్మీద నీకింకా నూకలున్నాయి’ అంటాం, పోయినవాడికి నూకలు చెల్లాయంటాం. ఈ మాటలో పెద్ద కరుణ ఉంది. ఎవరు బతకాలన్నది యోగ్యతను బట్టి కాదు, లెక్కను బట్టి అంటుంది. మిగిలినవాడి భుజం మీంచి బరువు దించుతుంది. అదే మన భాషలో దీనికి పూర్తిగా ఎదురైన మాట కూడా ఉంది. తల్లి పురిట్లోనో, తండ్రి కొద్దినాళ్ళకో పోతే ఆ పిల్లను ‘మింగేసింది’ అనేవాళ్ళు మన ఊళ్ళలో ఇంకా ఉన్నారు. ఆ నింద పిల్ల చెవిన పడుతూనే ఉంటుంది. జారెట్ల ఇంట్లో నూకల మాట లేదు, మింగిన మాటా లేదు. ఎవరూ కొడుకును ఏమీ అనరు. అననిదాన్ని వాడే రాసుకుంటాడు, ఎదురుగా ఉన్న పళ్ళెం ముట్టుకోలేకపోతాడు. అన్న వాటా తింటున్నట్టు.

నేరభావన మనిషికి ఎందుకంత అవసరమవుతుంది? నా తప్పు వల్ల జరిగిందనుకుంటే కనీసం జరిగినదానికి ఒక కారణం ఉంటుంది. ఏ తప్పూ లేకుండా ఒక మంచి ఈతగాడు నీళ్ళలో పోయాడంటే లోకానికి కట్టూబాటూ లేదని ఒప్పుకోవాలి. పదిహేడేళ్ళవాడికి ఆ రెండోదే ఎక్కువ భయంకరం. పైగా ఇంకో చేదు నిజం ఉంది. కాన్రాడ్‌కు అన్న మీద కోపం. ఎందుకు వదిలేశావని. చచ్చిపోయినవాడి మీద, అందరూ దేవుడిలా చూసినవాడి మీద కోప్పడే హక్కు వాడికి ఎవరిచ్చారు? కోపం లోపలికి తిరిగి నేరంగా గడ్డకట్టింది. బర్జర్ ఆ గడ్డను నెమ్మదిగా కరిగించి, బహుశా నువ్వే బలమైనవాడివేమో అన్న ఆలోచన వాడి ముందు పెడతాడు. అంతదాకా ఆ ఇంట్లో ఎవరికీ తట్టని మాట అది.

ఇక బెత్. కొడుకు ఆత్మహత్యాయత్నంలో పాడైన తువ్వాళ్ళనూ గచ్చునూ ఆమె పట్టించుకుందే గాని తనను కాదన్నది కాన్రాడ్ ఫిర్యాదు. ఆసుపత్రికి తనను చూడ్డానికి రాలేదని, బక్ అయితే వచ్చేదానివని ఒకసారి అరుస్తాడు. బక్ అసలు ఆసుపత్రి దాకా వెళ్ళేవాడే కాదని ఆమె ఎదురంటుంది. ఇంతకంటే క్రూరమైన మాట తల్లి నోట రాదని చాలామంది అన్నారు. నాకూ మొదటిసారి అలాగే అనిపించింది. కానీ లిండెమాన్ వ్యాసానికి మళ్ళీ వెళ్ళండి. నేరభావన పక్కనే ఆయన ఇంకో లక్షణం రాశాడు. శోకంలో ఉన్నవాళ్ళకు చుట్టూ ఉన్నవాళ్ళ మీద ఆప్యాయత ఎండిపోతుంది, దగ్గరికి వచ్చినవాళ్ళ మీద చిరాకూ కోపమూ పుడతాయి. దాన్ని కప్పిపుచ్చుకోవడానికి వాళ్ళు బిగుసుకున్న మర్యాదతో నెట్టుకొస్తారు. బెత్ ఇస్త్రీ మడత నలగని పలకరింపులు, పార్టీల్లో చెదరని నవ్వు, కొడుకు కౌగిలించుకున్నప్పుడు కొయ్యబారిన భుజాలు, ఇవన్నీ ఆ పేజీలోంచి లేచివచ్చినట్టుంటాయి. ఆమెకూ జబ్బు చేసింది. కొడుకు జబ్బుకు రక్తం కారింది కాబట్టి కనబడింది.

నవల నిర్మాణమే ఈ చిన్నచూపుకు కొంత కారణం. గెస్ట్ వర్తమాన కాలంలో, ఒక అధ్యాయం కొడుకు మనసులోంచి, ఒక అధ్యాయం తండ్రి మనసులోంచి కథ నడిపింది. తల్లి మనసులోకి ఒక్క అధ్యాయమైనా వెళ్ళలేదు. ఇది లోపమా, ఉద్దేశమా అన్న ప్రశ్నకు నాకు తోచేది ఇది: ఆ ఇంట్లో ఎవరూ బెత్‌ను అడగలేదు, నవల కూడా అడగలేదు. పాఠకుడు కూడా ఇంట్లో మూడో మగవాడిలా ఆమెను బయటినుంచే చూస్తాడు. కెమెరాకు మనసులోపలి మాట లేదు కాబట్టి సినిమాలో ఆ లోటు కొంత తీరింది. బెత్‌గా నటించిన మేరీ టైలర్ మూర్ ముఖమే ఆమెకు దక్కిన అధ్యాయం. కాన్రాడ్‌గా నటించిన తిమొతీ హటన్‌కు ఉత్తమ సహాయనటుడి ఆస్కార్ వచ్చింది. అది అతనికి న్యాయంగా దక్కిందే. మూర్‌కు నామినేషన్ మాత్రమే దక్కింది. ఖాళీగా ఉన్న బక్ గదిలో ఆమె ఒంటరిగా కూర్చుని ఉండగా కాన్రాడ్ రావడం, ఆమె దొంగతనం చేస్తూ దొరికినట్టు ఉలిక్కిపడడం గమనించండి. ఏడవడానికి చోటు లేని తల్లి ఆమె.

కాల్విన్ అనాథగా పెరిగినవాడు. అందుకే కాబోలు ఇల్లు చెదరకూడదని అందరి మధ్యా వంతెనలా నిలబడతాడు. బక్ అంత్యక్రియల రోజున భార్య తన చొక్కా, బూట్లు మార్చుకోమన్న సంగతి ఆయనకు చివర్లో గుర్తొచ్చి ముల్లులా గుచ్చుతుంది. ఆ రోజు అవేం ముఖ్యమని నిలదీస్తాడు. నాకు మాత్రం ఆ చొక్కా జాలిగా కనిపిస్తుంది. కొడుకును మట్టిలో పెట్టబోతున్న మనిషి చేతికి అందిన ఒక్క వస్తువును సరిచేసింది. కాన్రాడ్ పడవను పట్టుకున్నట్టే ఆమె ఆ చొక్కాను పట్టుకుంది.

బర్జర్ కాన్రాడ్‌కు మరో మాట కూడా నేర్పుతాడు: తల్లి ప్రేమించగలిగినంతే ప్రేమిస్తుందని, ఆ హద్దును గుర్తించమని. కొడుకు నేర్చుకుంటాడు. అప్పుడు ఇంట్లో బరువులు మోసే తీరు మారిపోతుంది. ఇంతకాలం అందరి బదులూ నేరాన్ని ఎత్తుకున్నవాడు దాన్ని కింద పెట్టాడు. కింద పెట్టిన మూటను ఎవరో ఒకరు చూడాలి. అర్ధరాత్రి భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఏడుస్తూ కాల్విన్, ఇంకా ప్రేమిస్తున్నానో లేదో తెలియడం లేదని భార్యకు చెప్పేస్తాడు.

ఆమె వాదించదు. మేడ మీదికి వెళ్ళి అల్మారాలోంచి సూట్‌కేసు తీస్తుంది. అక్కడ ఒక్క క్షణం ఊపిరి తెగినట్టు గొంతు వణుకుతుంది. సినిమా మొత్తంలో ఆమె బిగువు అలా తెగిపోవడం అదొక్కసారే. చూసేవాళ్ళు ఎవరూ లేరు. మరుక్షణం ముఖం సర్దుకుని సామాను సర్దుతుంది. తెల్లవారుతుండగా టాక్సీ వెళ్ళిపోతుంది. పెరటి మెట్ల మీద తండ్రీకొడుకులు ఒకరినొకరు పట్టుకుని కూర్చుంటారు. నువ్వు చేసిన తప్పేమిటని బెత్‌ను మెత్తగా అడిగే బర్జర్ ఎవరూ ఆ టాక్సీలో లేరు.