ఊరు లేని బొమ్మలు

హైటెక్ సిటీలోని సంస్థల వెబ్‌సైట్లను వరుసగా చూచినవారికి ఒక సంగతి తోచక మానదు. సంస్థలు వేరు, బొమ్మలు మాత్రము ఒక్కటే. కరచాలనము చేయు ఇద్దరు పెద్దమనుష్యులు, ఒక అద్దాలమేడ, హెడ్‌సెట్టు తగిలించుకొని నవ్వుచున్న యువతి. ఇవి ఆ సంస్థలలో తీసినవి కావు. ఎవరికైనను అమ్ముటకై ముందే తీసి నిలువ చేసినవి. వీనినే స్టాక్ ఫొటోలందురు. వీనిలో పనికివచ్చుదానిని ఎన్నుకొనుట ఎట్లు? ఈ ప్రశ్నకు మన నగర చరిత్రలోనే కొంత సమాధానము కలదని మా అభిప్రాయము.

లాలా దీన్‌దయాళ్ 1844లో మీరట్ సమీపమున జన్మించెను. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో ఉద్యోగము చేయుచు కెమెరా చేతబట్టెను. 1880 దశకమున సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పి, ఆరవ నిజాము మహబూబ్ అలీఖానునకు ఆస్థాన ఛాయాచిత్రకారుడయ్యెను. దర్బారులు, వేటలే కాక కోటలను, ఆలయములను, వీధులను గాజుపలకలపై తీసి భద్రపరచెను. గిరాకీలు తమకు నచ్చిన దృశ్యముల ప్రతులు కొనెడివారు. ఇదియు నిలువ బొమ్మల వ్యాపారమే. అయితే ఆయన చిత్రములు పెక్కింటి అడుగున సంఖ్యయు స్థలము పేరును వ్రాసియుండును. చార్మినారు చార్మినారుగానే అమ్ముడుపోయెను.

నేటి వ్యాపారమునకు ఊరిపేరే అడ్డు. బొమ్మ ఏ దేశములోనైనను చెల్లవలెను గదా! అందుచే గోడమీది అక్షరము, అంగడి పేరు తుడిచివేయుదురు. 1996లో చార్లెస్ ఓ'రియర్ కాలిఫోర్నియాలో తీసిన పచ్చని కొండ చిత్రమును మైక్రోసాఫ్టు కొని, 2001లో విండోస్ ఎక్స్‌పీ తెరపై నిలిపెను. మాదాపూరులో వెలుపల రాతిగుట్టలు పగులుచుండగా, లోపల కంప్యూటర్లపై ఆ పరాయి కొండ పచ్చగా మెరయుచుండెను! దాని అందమును కాదనము. మరియొక చిక్కు కలదు. అమెరికాలో 1996లోనే తీసిన ఒక విద్యార్థిని చిత్రము 2004లో డెల్, గేట్‌వే అను పోటీ సంస్థల ప్రకటనలు రెండింటను ప్రత్యక్షమయ్యెను. వాడుక హక్కు తమకొక్కరికే చెందునట్లు కొననిచో ఇట్టిది తప్పదు.

1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి ప్రారంభించిన సైబర్ టవర్సు చాలకాలము నగర ప్రగతికి గుర్తుగా అచ్చుపడెను. 2020లో దుర్గం చెరువుపై తీగల వంతెన వెలసినపిదప అదియు ఆ వరుసలో చేరెను. వీనికి ఊరున్నది. కాని వంతెన బొమ్మ పెట్టిన సంస్థ ఆ దరిదాపులనే లేకపోవచ్చును. వరంగల్లునుండియో కడపనుండియో తొలి దరఖాస్తు పంపు యువకునకు ఆ పుటయే సంస్థ ముఖము. అద్దాలమేడను చూచి నమ్మి, తల్లిదండ్రులు అప్పుచేసిన సొమ్మును శిక్షణ రుసుముగా చెల్లించిన పిదప, అక్కడ రెండు గదులే కనబడినచో అతని గతియేమి?

కావున బొమ్మ క్రింద పోటీసంస్థ పేరు వ్రాసి చూడవలెను. అదియు సరిపోయినచో ఆ బొమ్మ మనకు పనికిరాదు. కొనితెచ్చిన ముఖమును మన ఉద్యోగియని చూపరాదు. ఉచితముగా దొరకు బొమ్మలకును షరతులుండును, చదువవలెను. కొనక తప్పనప్పుడు, మనుష్యులకంటె పనిముట్టునో, నిజముగా మనమున్న వీధినో ఎన్నుకొనుట మేలు. మన రెండు గదులను మనమే తీయగలిగినచో బేరమే అక్కరలేదు.

దీన్‌దయాళ్ 1905లో గతించెను. ఆయన స్టూడియోకు చెందిన 2,857 గాజుపలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము సేకరించెను.