కొనవలెనా, ఆగవలెనా? – 1964 నాటి కంప్యూటర్ల కథ

కంప్యూటరు కొనదలచినవానికి నేడు ఒక సందేహము తప్పక కలుగును. అంగడిలోనున్న యంత్రమును ఇప్పుడే కొనవలెనా, లేక త్వరలో రానున్నదని చెప్పుకొనుచున్న కొత్త తరము ప్రాసెసరు కొరకు ఆగవలెనా? ఒక విద్యార్థి కొన్ని నెలలు ఆగినచో నష్టము స్వల్పమే. సుమారు 60 ఏండ్ల క్రిందట ఇదే సందేహము గొప్ప ప్రయోగశాలలకు కలిగినది. అప్పుడు యంత్రము వెల సుమారు 70 లక్షల డాలర్లు!

ఆదేశములను ఒక్కొక్కటిగా గ్రహించి లెక్కలు చేయు భాగమే ప్రాసెసరు. నేడది గోరంత సిలికాను పలుకపై ఇమిడియుండును. ఆనాడు బీరువాలవంటి పెట్టెలను నింపెడిది. కనుక ప్రాసెసరు కొనుటయనగా యంత్రమునంతటిని కొనుటయే.

1963 ఆగస్టులో కంట్రోల్ డేటా అను అమెరికా కంపెనీ 6600 అను కంప్యూటరును ప్రకటించెను. దీనిని రూపొందించినవాడు సేమూర్ క్రే. విస్కాన్సిన్ రాష్ట్రములోని చిప్పెవా ఫాల్స్ అను చిన్న ఊరిలో అతని ప్రయోగశాల ఉండెడిది. అందు పనిచేయువారు కావలివానితో కలిపి 34 మంది మాత్రమే. ఇంత కొద్దిమంది తమను మించిపోవుట ఎట్లు సంభవించెనని ఐ.బి.ఎం. అధిపతి థామస్ వాట్సన్ తన అధికారులను లిఖితపూర్వకముగా ప్రశ్నించెను. 6600లో సుమారు 4 లక్షల ట్రాన్సిస్టర్లు కలవు. ఇతర పనులు చూచుటకు 10 చిన్న కంప్యూటర్లను చేర్చి, ప్రధాన ప్రాసెసరును లెక్కలకే విడిచిపెట్టిరి. అది సెకనుకు సుమారు 30 లక్షల ఆదేశములను నెరవేర్చెడిది. పుట్టిన వేడిని తొలగించుటకు రిఫ్రిజిరేటరులో వలె ఫ్రియాన్‌ను ప్రవహింపజేసిరి.

1964 ఏప్రిల్ 7న ఐ.బి.ఎం. తన ప్రసిద్ధమైన 360 కంప్యూటర్ల కుటుంబమును ప్రకటించెను. అందేదియు 6600కు సాటిరాలేదు. ఆ లోటు తీర్చుటకు అదే సంవత్సరమున మరియొక మహాయంత్రమును కూడ ప్రకటించిరి. అదియే తుదకు 360/91 అను పేర వెలువడినది. ప్రకటించునాటికి అది కాగితముపైననే ఉన్నది. అయినను కొనదలచినవారు వెనుకాడిరి. 6600 అమ్మకములు మందగించెను. దాని ధర తగ్గింపవలసి వచ్చెను.

ఆగుట తెలివితక్కువ పనియా? లెక్క వేసి చూడవలసిన విషయమిది. ఇప్పటి యంత్రముపై 4 ఏండ్లు పట్టు గణనము ఉన్నదనుకొందము. 3 ఏండ్ల తరువాత రెట్టింపు వేగముగల యంత్రము వచ్చునట. ఆగినవాడు 3 ఏండ్లు ఊరకుండి, పిదప 2 ఏండ్లు పనిచేసి, 5 ఏండ్లకు ముగించును. కొన్నవాడు 4 ఏండ్లకే ముగించును. గణనము 10 ఏండ్లదైనచో ఆగినవానికి 8 ఏండ్లే పట్టును. సరిగా 6 ఏండ్ల పనియైనచో ఇరువురును ఒకేసారి ముగింతురు. అయితే కొత్త యంత్రము చెప్పిన గడువునకు రావలెను గదా! ఒక్క ఏడు ఆలస్యమైనచో ఈ 6 ఏండ్ల హద్దు 8కి పెరుగును. ప్రకటన కర్తలకు ఈ సంగతి తెలియకపోదు.

జెనీవా సమీపమునగల సెర్న్ అణుపరిశోధన సంస్థ ఆగలేదు. 1965 జనవరిలోనే 6600 అచటికి చేరెను. తొలి యంత్రములలో ఒకటి గనుక అది మొదట మిక్కిలి చిక్కులు పెట్టినది. తొందరపడినవారికిని ఖర్చు తప్పదు. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో 1964లో అదే కంపెనీవారి 3600 యంత్రమును నెలకొల్పిరి. 6600 వార్త అప్పటికే వెలువడియున్నది. అయినను ఆ 3600 మన దేశములోని పెక్కు సంస్థల పరిశోధకులకు ఉపయోగపడినది. ఇక 360/91 తొలి యంత్రము నాసావారి గొడార్డు కేంద్రమునకు చేరునప్పటికి 1967 వచ్చెను. మొత్తముమీద తయారైనవి 20కి మించలేదు.

1968 డిసెంబరులో కంట్రోల్ డేటా న్యాయస్థానమునకెక్కెను. లేని యంత్రమును చూపి కొనువారిని ఆపిరన్నది ముఖ్యమైన ఆరోపణలలో ఒకటి. 1973 జనవరిలో రాజీ కుదిరినది. ఐ.బి.ఎం.కు చెందిన సర్వీస్ బ్యూరో అను సంస్థ కంట్రోల్ డేటాకు దక్కెను. వ్యాజ్యము కొరకు కంట్రోల్ డేటా కంప్యూటరుతో తయారుచేసిన సాక్ష్యపత్రముల సూచిక మాత్రము రాజీలో భాగముగా నాశనము చేయబడినది. చరిత్రకారులకు అది తీరని లోటు.

ఇంతకును 360/91 వట్టి బూటకపు యంత్రము కాదు. దాని చరబిందు (ఫ్లోటింగ్ పాయింట్) గణన విభాగమునకు రాబర్ట్ టొమసులో ఒక చక్కని పద్ధతి కల్పించి 1967లో ప్రకటించెను. ఒక ఆదేశమునకు కావలసిన సంఖ్య ఇంకను రానిచో అది ఒక ప్రక్క వేచియుండును. సంఖ్యలు సిద్ధముగానున్న తరువాతి ఆదేశములు దానిని దాటి ముందునకు సాగును. పెద్ద యంత్రములో పుట్టిన ఈ ఉపాయమును 1995లో వెలువడిన ఇంటెల్ వారి పెంటియం ప్రో వంటి ప్రాసెసర్లు బల్లపై కంప్యూటర్లలోనికి తెచ్చినవి. కొనవలెనా, ఆగవలెనా యని నేటి విద్యార్థి తర్కించు ప్రాసెసర్లలో చాలవరకు ఇట్టి ఏర్పాటే పనిచేయుచున్నది.