మార్షల్ పాఠం, మన ఊరి లెక్క

డిగ్రీలో అర్థశాస్త్రం సొంతంగా నిలబడింది ఇరవయ్యో శతాబ్దంలోనే. కేంబ్రిడ్జిలో ఆల్‌ఫ్రెడ్ మార్షల్ పట్టుబట్టి 1903లో దానికి ప్రత్యేక పరీక్ష పెట్టించాడు. అంతకుముందు అది నీతిశాస్త్రం, చరిత్రల చాటున ఉండేది. ఇంగ్లండ్ విద్యార్థి మూడేళ్లూ ప్రధానంగా ఆ ఒక్క శాస్త్రమే చదువుతాడు. అమెరికాలో చదువు నాలుగేళ్లు. ముందు పలు శాస్త్రాలు చదివి, ఆ తర్వాత ప్రధాన విషయం ఎంచుకుంటారు. అక్కడి డిగ్రీ తొలి అర్థశాస్త్ర పాఠానికి 1948లో వచ్చిన పాల్ శామ్యూల్సన్ పుస్తకం దారి వేసింది.

హైదరాబాదులో దాదాపు మూడు దశాబ్దాలు రెండు రకాల చదువులు ఒకే నగరంలో సాగాయి. నిజాం కాలేజీ మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధం; అక్కడ పాఠం ఇంగ్లిషులో. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పాఠం ఉర్దూలో. అందుకోసం 1917లోనే దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ వెలిసింది. అర్థశాస్త్ర ఆచార్యుడు ఇలియాస్ బర్నీ ‘ఇల్ముల్ మయీషత్’ రాశాడు. మన భాషల్లో డిగ్రీ అర్థశాస్త్రం చెప్పవచ్చని చేసి చూపిన ఘనత ఉస్మానియాది. అయితే హైదరాబాదు రాజ్యంలో అన్నిటికన్నా ఎక్కువ మంది మాట్లాడిన తెలుగుకు ఆ తరగతిలో చోటు దక్కలేదు. రాసేవారు లేక కాదు. కేంబ్రిడ్జిలో చదివిన కట్టమంచి రామలింగారెడ్డి ‘భారత అర్థశాస్త్రము’ రాస్తే విజ్ఞాన చంద్రికా మండలి ప్రచురించింది.

1947లో నిజాం కాలేజీ ఉస్మానియాలో చేరింది. 1948 తర్వాత ఉర్దూ పోయి ఇంగ్లిషు వచ్చింది. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడ్డాకే ‘ఉపాంత ప్రయోజనం’, ‘డిమాండ్ వ్యాకోచత్వం’ వంటి మాటలు డిగ్రీ విద్యార్థి నోట పడ్డాయి.

మద్రాసు విశ్వవిద్యాలయంలో 1915 ప్రాంతంలో అర్థశాస్త్ర ఆచార్యుడు గిల్బర్ట్ స్లేటర్ మరో దారి తొక్కాడు. ప్రశ్నావళి చేతికిచ్చి, సెలవుల్లో విద్యార్థులను వాళ్ల సొంత ఊళ్లకే పంపాడు. భూమి ఎవరిది, అప్పు ఎంత, కూలి ఎంత అని వాళ్లు ఇంటింటా అడిగి రాసుకొచ్చారు. ఆ ఫలితాలు 1918లో పుస్తకంగా వచ్చాయి. అరువు తెచ్చుకున్న సిద్ధాంతాలన్నిటికన్నా ఈ దేశ విద్యార్థికి పనికొచ్చిన పాఠం అదే.

ఇప్పుడు ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఆనర్స్ అర్థశాస్త్రం చదవాలంటే పన్నెండో తరగతిలో గణితం ఉండాలి. తెలంగాణలో హెచ్‌ఈపీ తీసుకున్న బీఏ విద్యార్థి చరిత్ర, రాజనీతిశాస్త్రాలతో కలిపి, గణితం లేకుండానే దాన్ని చదువుతాడు. ఎం.ఏ.కు వెళ్లాక ఆ లోటు ఇబ్బంది పెడుతుంది. అయితే ఊరిని చదవడానికి చరిత్ర, రాజనీతి తోడుండటం చిన్న బలం కాదు.

రంగారెడ్డి జిల్లా మహేశ్వరం మండలంలోని రావిర్యాల అలా చదవవలసిన ఊరు. 2008లో శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది, తర్వాత అవుటర్ రింగు రోడ్డు వచ్చింది, 2016లో రావిర్యాలలోనే వండర్‌లా వినోద పార్కు తెరుచుకుంది. పొలం ప్లాటయ్యాక రైతు కుటుంబం దేనిమీద బతుకుతోందో ఏ దేశపు పాఠ్యపుస్తకమూ చెప్పదు. స్లేటర్ ప్రశ్నావళిని తెలుగులో తిరగరాసి, ఈ చుట్టుపక్కల డిగ్రీ కాలేజీలు తమ విద్యార్థులను రావిర్యాలకు పంపాలి.