ఆట అయిపోయినవాళ్లు

1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. నెల తిరిగేసరికి, డిసెంబర్ 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్‌కు చేరింది. మొదటి సంగతి మా బందరు, గుడివాడ బళ్లలో పిల్లలందరికీ చెబుతారు. రెండోది ఎవరూ చెప్పరు. ఆ జట్టును తయారుచేసింది సయ్యద్ అబ్దుల్ రహీమ్ అనే హైదరాబాదు బడిపంతులు. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుసేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరామ్ - వీళ్లంతా హైదరాబాదు, సికిందరాబాదుల గడ్డ మీద పెరిగినవాళ్లు. జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశం అంతకు మించి ఎప్పుడూ పోలేదు.

వీళ్లను 'మావాళ్లు' అనడానికి మాకు హక్కుందా? కృష్ణ చివర ఉన్న సాయిబులం మేం. 1759లో సలాబత్ జంగ్ మచిలీపట్నం సర్కారును ఇంగ్లీషువాళ్లకు రాసిచ్చాక మాకూ హైదరాబాదుకూ దాదాపు రెండు వందల ఏళ్లు దారి తెగిపోయింది. గోల్కొండ సుల్తానులకు ఓడరేవైన ఊరు మద్రాసు దొరలకు జిల్లా అయింది. మా ఉర్దూ విని హైదరాబాదువాళ్లు నవ్వుతారు. దివిసీమలో మాలో చాలామందికి ఆ ఉర్దూ కూడా అంతంత మాత్రమే, ఏడ్చినా నవ్వినా తెలుగే. అయినా బస్సులో పేరు చెప్పగానే పక్కవాడు "మీది హైదరాబాదా?" అంటాడు. ఆ ప్రశ్న మమ్మల్ని చాలాసార్లు చిన్నబుచ్చింది. ఈ ఆటగాళ్ల చరిత్ర దగ్గరకొచ్చేసరికి మాత్రం "అవును" అనాలనిపిస్తుంది. వాళ్ల గెలుపుల కంటే, ఆట అయిపోయాక వాళ్లకేమైందన్నదే మాకు ఎక్కువ దగ్గరగా ఉంది.

1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్. నిజాం ఫౌజు పోయింది. మరుసటి ఏడాది జాగీర్లు పోయాయి. వాటిని నమ్ముకున్న గుమస్తాలు, సిపాయిలు, వంటవాళ్లు, బండివాళ్లు వీధిన పడ్డారు. నవాబుల పతనం గురించి పుస్తకాలున్నాయి. ఈ చిన్నవాళ్ల గురించి రాసిందెంత? అలాంటి రోజుల్లో, 1950లో, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్పు గెలిచింది. 1954 దాకా వరసగా ఐదేళ్లు ఆ కప్పు దానిదే. 1950 డ్యూరాండ్ కప్పు ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించింది. పోలీసు అనే మాటకు గుండె గుభేలుమనే గల్లీల్లోంచే పోలీసు జట్టు చొక్కా వేసుకున్న కుర్రాళ్లు వచ్చారు. దీన్ని ఎవరూ జాతీయ సమైక్యత అని పాఠం చెయ్యలేదు. చేస్తే బాగుండేదని కూడా మేం అనడం లేదు.

ఆ చొక్కాతోపాటు వాళ్లకు ఉద్యోగం వచ్చింది. అసలు సంగతి అదే. నెల జీతం, బదిలీ, ప్రమోషను, పింఛను. మోకాలు పోయినా, వయసు మీరినా, జట్టు పేర్ల చీటీలో పేరు లేకపోయినా మర్నాడు స్టేషనుకో హెడ్‌క్వార్టర్సుకో వెళ్లి సంతకం పెట్టొచ్చు. మైదానంలోంచి తప్పించారు, అన్నం దగ్గర నుంచి లేపలేదు.

రహీమ్ సాబ్ తప్పించడంలో మెతక మనిషేం కాదు. 1952 హెల్సింకిలో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడినప్పుడు మనవాళ్లలో చాలామంది ఉత్తకాళ్లతో ఆడారు. ఆ తర్వాత బూట్లు తప్పనిసరయ్యాయి. ఉత్తకాళ్లతో పేరు తెచ్చుకున్న ఒక తరానికి అక్కడితో ఆట మారిపోయింది. 1951 ఏషియన్ గేమ్స్ బంగారు పతకం జట్టుకు నాయకుడైన సైలెన్ మన్నా హెల్సింకికీ నాయకుడిగానే వెళ్లాడు, మెల్‌బోర్న్ జట్టులో లేడు. హెల్సింకికీ మెల్‌బోర్న్‌కీ రెంటికీ వెళ్లిన నూర్, అజీజ్ 1960 రోమ్ జట్టులో లేరు. వాళ్లిద్దరూ రహీమ్ సొంత పోలీసు జట్టువాళ్లు, ఆయన చేతికింద పెరిగినవాళ్లు. వాళ్లు లేని జట్టులో అదే పోలీసు మైదానం నుంచి వచ్చిన యూసుఫ్ ఖాన్ ఉన్నాడు. సొంత కొడుకు హకీమ్‌ను కూడా రోమ్ తీసుకెళ్లారు కానీ ఒక్క ఆటలోనూ దింపలేదు. ముఖం చూసి ఆడించే మనిషి కాదన్నమాట.

తప్పించేవాడు ఆ ఖాళీ ఎలా నింపాలో ముందే ఆలోచించి పెట్టుకున్నాడు. కుర్రాళ్లకు ఆయన పెట్టిన పోటీలు వింతగా ఉండేవి. ఒక దాంట్లో బలంలేని కాలితోనే తన్నాలి. ఇంకో దాంట్లో డ్రిబ్లింగ్ చెయ్యకూడదు, బంతి రాగానే పక్కవాడికి ఇచ్చెయ్యాలి. అమ్ముగూడ నుంచి రోజూ రావడానికి డబ్బుల్లేని బలరామ్‌కు సైకిలు అద్దె ఆయనే ఇచ్చేవారు. ఈ మాట బలరామ్ ముసలితనంలో కూడా చెప్పుకున్నాడు. కుర్రాడి సైకిలు అద్దె గురించి ఆలోచించే మనిషికి ముసలాడిని తప్పించే అర్హత ఉంటుందని మా ఉద్దేశం.

అలాగని కుర్రతనమే గొప్పదని రహీమ్ అనుకోలేదు. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో గోల్‌కీపర్ తంగరాజ్‌కు జ్వరం తగిలింది. కుర్రాడు ప్రద్యుత్ బర్మన్ నిలబడి జట్టును ఫైనల్ దాకా తెచ్చాడు. సెప్టెంబర్ 4న దక్షిణ కొరియాతో ఫైనల్. రహీమ్ మళ్లీ పొడగరి తంగరాజ్‌నే దింపారు. తలకు దెబ్బ తగిలిన జర్నైల్ సింగ్‌ను వెనక నుంచి తీసి ముందు ఆడించారు. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టి 2-1తో గెలిపించారు. బర్మన్ మనసు ఆ రోజు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. అప్పటికే రహీమ్‌ను క్యాన్సర్ తింటోంది. 1963 జూన్ 11న పోయారు. 2024లో ఆయన మీద హిందీలో 'మైదాన్' సినిమా వచ్చేదాకా మా జిల్లాలో ఆయన పేరు తెలిసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

రాష్ట్రం కలిశాక కొన్నేళ్లకు సిటీ పోలీస్ ఆంధ్రా పోలీస్ అయింది. 1961లో డ్యూరాండ్ గెలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్‌కు సంతోష్ ట్రోఫీ వచ్చింది. ఆ తర్వాత ఆ ట్రోఫీ ఉమ్మడి రాష్ట్రానికి రాలేదు, 2014 తర్వాత రెండు ముక్కల్లో దేనికీ రాలేదు. మంచి కుర్రాళ్లందరికీ కలకత్తా దారి కనిపించింది.

కలకత్తా లెక్క వేరు. 1934లో మొహమ్మడన్ స్పోర్టింగ్ మొదటి డివిజన్‌లోకి వచ్చిన ఏడే లీగు గెలిచి, 1938 దాకా వరసగా ఐదుసార్లు గెలిచింది. ఎక్కడెక్కడి నుంచో మంచి ఆటగాళ్లను పట్టుకొచ్చి ఆడించింది. దేశంలోని ముస్లిములంతా అది తమ జట్టే అనుకున్నారు. ఇలాంటి గెలుపులో ఒక చిక్కుంది. బయటి నుంచి ఒకడు వస్తే లోపలివాడు ఒకడు పక్కకు తప్పుకోవాలి. జట్టు మీద కౌము పేరు ఉంది కదా అని బెంచీ మీద కూర్చున్నవాడికి పొయ్యి వెలగదు. మతం పేరుతో మనల్ని ఒకే ముద్దగా చూసేవాళ్లకు ఇది అర్థం కాదు. మనలో కొందరికీ అర్థం కాదు.

హైదరాబాదు మహమ్మద్ హబీబ్ 1966లో పదిహేడేళ్ల వయసులో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మొహమ్మడన్ - మూడు జట్లకూ ఆడాడు. ఆటగాళ్లందరూ బ్యాంకులోనో రైల్వేలోనో చేరుతుంటే ఇస్తామన్న ఉద్యోగాలు కాదని ఆటనే బతుకు చేసుకున్నాడు. దేశంలో తొలి అసలైన ప్రొఫెషనల్ అని పేరు. 1977 సెప్టెంబర్ 24న ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఉన్న న్యూయార్క్ కాస్మోస్ మీద మోహన్ బగాన్ 2-2తో నిలిచింది. ఆ రెండు గోళ్లలో ఒకటి హబీబ్‌ది. రెండు నెలలు తిరక్కముందే, నవంబర్ 19న, దివిసీమను ఉప్పెన ముంచింది. మా వైపు ఆ ఏడాదిని జ్ఞాపకం పెట్టుకోవడానికి ఇంకో కారణం అక్కర్లేకపోయింది. హబీబ్ గోలు మా దాకా రాకపోవడంలో ఆశ్చర్యం లేదు. 2023 ఆగస్టు 15న హబీబ్ పోయినప్పుడు జెండా పండగ సందడిలో ఆ వార్తా మా దాకా సరిగ్గా రాలేదు.

బలరామ్ ఇంకో రకం. ఊపిరితిత్తుల జబ్బుతో 1963లో, ఇరవై ఏడేళ్లకే ఆట ఆపేశాడు. కానీ చేతిలో రైల్వే ఉద్యోగం ఉంది. బెంగాల్లోనే స్థిరపడి 2023 ఫిబ్రవరిలో పోయాడు. హబీబ్ గొప్పా బలరామ్ గొప్పా అని మేం తూచడం లేదు. ఒకరి వెనక గోడ ఉంది, ఒకరి వెనక లేదు. మా ఇళ్లల్లో పిల్ల పెళ్లికి అడిగే మొదటి ప్రశ్న అబ్బాయికి సర్కారీ నౌకరీ ఉందా అని. దాన్ని వెనకబాటుతనం అనేవాళ్లు నూర్, అజీజ్‌ల కాలాన్ని ఒకసారి చూడాలి.

ఇప్పుడు 'రిలీజ్ చేశారు' అంటున్నారు. తెలుగులో విడుదల అంటే జైలు నుంచి బయటికి రావడం, సంతోషం. ఫుట్‌బాల్లో విడుదల అంటే కాంట్రాక్టు కాగితం చించడం. 2019లో వచ్చిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న గోవాలో పెనాల్టీలతో ఐఎస్ఎల్ గెలిచింది. రహీమ్ ఊరికి మళ్లీ మంచిరోజులొచ్చాయని మేమూ సంబరపడ్డాం. ఏడాదిన్నరకే జీతాలు ఆగాయి. విదేశీయులు వెళ్లారు, పేరున్న మనవాళ్లు వెళ్లారు. మిగిలిన కుర్రాళ్లతో 2023-24 సీజన్ నెట్టుకొచ్చారు. మొత్తం మీద ఒక్క ఆట గెలిచి అడుగున మిగిలారు. అక్కడ పాతవాళ్లను ఎవరూ ఆట చూసి తప్పించలేదు. కుర్రాళ్లను ఎవరూ సైకిలు అద్దె ఇచ్చి తేలేదు. డబ్బులేక పాతవాళ్లు పోయారు, చవకని కుర్రాళ్లు వచ్చారు. పైకి చూస్తే రహీమ్ చేసిన పనే. 2025లో ఆ జట్టు పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్లిపోయింది.