బైటు క్రమ సూచిక
బైటు క్రమ సూచిక అనగా యూనికోడ్ పాఠ్యపు ఫైలు మొదట్లో ఉంచే ఎఫ్ఈఎఫ్ఎఫ్ అనే సంకేతం. ఫైలులోని బైట్లను ఏ వరుసలో చదవాలో ఇది తెలుపుతుంది.

యూటీఎఫ్-16లో తెలుగు అక్షరమైనా గుణింతపు గుర్తయినా రెండేసి బైట్లు ఆక్రమిస్తుంది. "అ" అక్షరపు సంఖ్య, పదహారు ఆధారంగా గల లెక్కలో, 0సీ05. దీనిని కొన్ని కంప్యూటర్లు 0సీ, 05 అనీ, మరికొన్ని 05, 0సీ అనీ భద్రపరుస్తాయి. మొదటిది బిగ్ ఎండియన్, రెండవది లిటిల్ ఎండియన్. "గలివర్స్ ట్రావెల్స్" నవలలో గుడ్డును ఏ కొసన పగలగొట్టాలన్న తగవు నుండి డానీ కోహెన్ 1980లో ఈ పేర్లు తీసుకున్నాడు. ఒక వరుసలో రాసినదానిని మరొక వరుసలో చదివితే "అ" కాస్తా 050సీ అవుతుంది. అది రష్యాలోని కోమీ భాషకు చెందిన సిరిలిక్ అక్షరం. హెచ్చరికేమీ రాకపోవచ్చు, పాఠ్యమే మారిపోతుంది. సూచికను తిరగేస్తే వచ్చే ఎఫ్ఎఫ్ఎఫ్ఈ ఏ అక్షరానికీ కేటాయించబడలేదు. కనుక అది కనబడగానే ప్రోగ్రాము వరుస మార్చుకోగలదు.

యూటీఎఫ్-8లో బైట్ల వరుస ఒక్కటే ("అ"కు ఎప్పుడూ ఈ0, బీ0, 85). సూచిక అవసరం లేదు. అయినా విండోస్ నోట్‌ప్యాడ్ చాలాకాలం ఈఎఫ్, బీబీ, బీఎఫ్ అనే మూడు బైట్లను చేర్చేది. విండోస్ 10లో 2019 నాటి మార్పుతో, వాడుకరి కోరితే తప్ప చేర్చడం మానింది. యునిక్స్ స్క్రిప్టు మొదట్లో ఇవి ఉంటే దానిని నడపవలసిన ప్రోగ్రాము పేరును వ్యవస్థ గుర్తించలేదు. ఎక్సెల్‌తో చిక్కు ఇందుకు విరుద్ధం: సూచిక లేని సీఎస్‌వీ ఫైలును నేరుగా తెరిస్తే తెలుగుకు బదులు అర్థంలేని లాటిన్ గుర్తులు కనిపించవచ్చు. ఆ స్థితిలోనే భద్రపరిస్తే మూలపాఠ్యం కూడా దెబ్బతింటుంది.