గ్రేస్‌ల్యాండ్: ఒక క్యాసెట్‌తో మొదలైన కథ

1984లో పాల్ సైమన్‌కు కాలం కలిసి రాలేదు. ఆర్ట్ గార్‌ఫంకెల్‌తో జోడీ కట్టి 1960లలో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న గాయకుడు, గీత రచయిత ఆయన. కానీ 1983లో తెచ్చిన ‘హార్ట్స్ అండ్ బోన్స్’ ఆల్బమ్‌ను జనం పట్టించుకోలేదు. నటి క్యారీ ఫిషర్‌తో పెళ్లి కూడా ఏడాది తిరగకుండానే చెదిరిపోయింది. ఆ రోజుల్లో హైదీ బర్గ్ అనే గాయని ఆయన చేతికో క్యాసెట్ ఇచ్చింది. న్యూయార్క్ నుంచి లాంగ్ ఐలాండ్‌లోని ఇంటికి కారులో వెళ్తూ వస్తూ సైమన్ దాన్నే మళ్లీ మళ్లీ విన్నాడు. వాయిస్తున్నది ఎవరో తెలియదు. అకార్డియన్ చిందులేస్తోంది, డ్రమ్ములు పరుగెత్తిస్తున్నాయి. ఆ సంగీతం మీద తన సొంత రాగాలు కూనిరాగాలుగా తీయడం మొదలుపెట్టాడు.

ఆరా తీస్తే అది దక్షిణాఫ్రికా నల్లవారి బస్తీల్లో పుట్టిన ‘ఎంబకాంగా’ సంగీతమనీ, ఆయనకు నచ్చిన ‘గమ్‌బూట్స్’ అనే ట్రాక్ వాయించినది బోయోయో బాయ్స్ బృందమనీ తేలింది. 1985 ఫిబ్రవరిలో సౌండ్ ఇంజనీర్ రాయ్ హాలీని వెంటబెట్టుకుని సైమన్ జొహానెస్‌బర్గ్ చేరాడు.

ఒవేషన్ స్టూడియోలో సుమారు రెండు వారాలు పని జరిగింది. ఒక్కో బృందం ఒక్కో బాణీ తెచ్చింది. లెసోతో నుంచి ఫొరెరె మొట్లొహెలోవా అకార్డియన్ వచ్చింది. జనరల్ ఎం.డి. షిరిండా, గాజా సిస్టర్స్ షంగాన్ పాటతో వచ్చారు. గిటార్‌తో రే ఫిరి, డ్రమ్స్‌తో ఐజాక్ మ్‌ట్షాలీ, మెట్లు లేని బేస్ గిటార్‌తో బకిథి కుమాలో కూర్చున్నారు. అక్కడి వాద్యకారులకు మామూలుగా రోజుకు ముట్టేది పదిహేను డాలర్లయితే, సైమన్ గంటకు సుమారు 196 డాలర్లు ఇచ్చాడు. అది న్యూయార్క్ వాద్యకారుల సంఘం రేటుకు మూడింతలు.

అంతకుముందు సైమన్ ముందు పాట రాసుకుని, తర్వాత వాద్యకారులను పిలిచేవాడు. ఈసారి వాయిద్యం ముందు, మాట తర్వాత. మన సినిమా కవులు ట్యూన్ విని పాట రాసినట్టే, ఆయన టేపులు ఇంటికి తెచ్చుకుని నెలల తరబడి వింటూ మాటలు పేర్చుకున్నాడు. అలా ఒక బాణీకి ‘గ్రేస్‌ల్యాండ్’ అన్న మాట నోటికొచ్చింది. అది మెంఫిస్‌లో రాక్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ ఉన్న ఇంటి పేరు. దక్షిణాఫ్రికా బాణీకి ఆ మాట అతకదని మొదట మార్చేద్దామనుకున్నాడు. అది నోటిని వదల్లేదు. చివరికి మెంఫిస్ వెళ్లి ఆ ఇల్లు చూసి వచ్చి పాట పూర్తి చేశాడు.

మిగతా పాటల కోసం లూసియానాలో రాకిన్ డాప్సీ బృందంతో అక్కడి జైడెకో బాణీలో ఒక పాట, లాస్ ఏంజెలెస్‌లో లోస్ లోబోస్ బృందంతో మరో పాట రికార్డు చేశారు. జోసెఫ్ షబలాలా నడిపిన లేడీస్మిత్ బ్లాక్ మంబాజో, వాయిద్యాల ఊసే లేని జులూ బృందగానంతో లండన్ అబీ రోడ్ స్టూడియోలో ‘హోమ్‌లెస్’ పాడింది. ‘యు కెన్ కాల్ మి అల్’ పాటలో ఒక చిన్న బేస్ విన్యాసం ఉంది. అందులో మొదటి సగం కుమాలో వాయించినది. రెండో సగం అదే టేపును వెనక్కి తిప్పి అతికించినది. చెవికి మాత్రం ఒకే ఊపిరిలో వాయించినట్టుంటుంది.

1986 ఆగస్టులో ఆల్బమ్ విడుదలైంది. కోటికి పైగా అమ్ముడైంది, ఆ ఏటి మేటి ఆల్బమ్‌గా గ్రామీ గెలిచింది. గొడవ కూడా వెంటే వచ్చింది. దక్షిణాఫ్రికాలోని వర్ణవివక్ష పాలనను ఒంటరి చేయాలని 1980 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సాంస్కృతిక బహిష్కరణకు పిలుపునిచ్చింది. ముందుగా ఆ పాలనపై పోరాడుతున్న ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌తో మాట్లాడమని గాయకుడు హ్యారీ బెలఫాంటే చెప్పినా సైమన్ ఆగలేదు. ఒకరి పోరాటంలో ఉన్న నిషేధాన్ని బయటివాడు తన ఇష్టానికి పక్కన పెట్టవచ్చా అన్నది న్యాయమైన ప్రశ్న. ఆ సంగీతకారుల గొంతు లోకానికి వినిపించాలి కదా అన్నదీ అంతే న్యాయమైన వాదన. దేశం విడిచి బతుకుతున్న దక్షిణాఫ్రికా సంగీతకారులు మిరియం మకేబా, హ్యూ మసకేలా 1987లో సైమన్‌తో కలిసి ఊరూరా కచేరీలు చేశారు. నెల్సన్ మండేలా జైలు నుంచి విడుదలయ్యాక, 1992 జనవరిలో సైమన్ దక్షిణాఫ్రికాలోనే పాడాడు.

ఇంకో లెక్క కూడా చూడాలి. మొట్లొహెలోవా, షిరిండా, షబలాలా పేర్లు తమ పాటలకు సహరచయితలుగా అట్ట మీద అచ్చయ్యాయి. లోస్ లోబోస్ మాత్రం తమ బాణీకి తగిన గుర్తింపు దక్కలేదని బహిరంగంగానే వాపోయారు. నలుగురి సంగీతం కలిపి చేసిన ఏ ఆల్బమ్‌కైనా అసలు పరీక్ష ఇదే: ఎవరి వాటా వారికి అందిందా లేదా అన్నది. ఆ పరీక్షలో ‘గ్రేస్‌ల్యాండ్’ చాలావరకు నెగ్గింది, పూర్తిగా కాదు. సంగీతంగా మాత్రం నేటికీ వన్నె తగ్గలేదు. ఈసారి వినేటప్పుడు సైమన్ గొంతు వెనక ఉన్న కుమాలో బేస్‌నూ, ఫిరి గిటార్‌నూ పట్టి వినండి. వారి పేర్లు కూడా గుర్తు పెట్టుకోండి.